ఆల్కలైన్ నీరు: మన నేల ఇచ్చే సాక్ష్యం

మా వద్దకు వచ్చే ధార్మిక ప్రశ్నలలో గత కొన్నేళ్ళుగా ఒక కొత్త ప్రశ్న చేరింది. నమాజు, జకాత్, నికాహ్, వారసత్వం వంటి విషయాలపై అడిగేవారికి గ్రంథాలు తిరగేసి సమాధానం చెప్పడం మాకు అలవాటైన పని. ఇప్పుడు అదే వరుసలో కూర్చుని, "హజ్రత్, ఆల్కలైన్ నీళ్ళు తాగితే రోగాలు పోతాయట, నిజమేనా? జమ్‌జమ్ కూడా అలాంటి నీళ్ళేనట కదా?" అని అడిగేవారు కనబడుతున్నారు. వైద్యం మా విద్య కాదు. అయితే ప్రశ్నలో జమ్‌జమ్ ప్రస్తావన వచ్చిన తరువాత, సున్నత్ పేరు చెప్పి ఒక యంత్రాన్ని అమ్ముతున్నారని తెలిసిన తరువాత మౌనం వహించడం సబబు కాదనిపించింది. వైద్యులను అడిగి, విషయం తెలిసినవారు రాసినవి చదివి, నిశ్చయంగా తెలిసినంత మేరకే ఈ మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాము.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ఒక హమాలీ సోదరుడు ఉన్నారు. ఆయన కుమారుడు మా వద్ద చదువుకుంటున్నాడు. ఒక జుమా రోజు నమాజు తరువాత ఆయన మా పక్కన కూర్చుని ఇలా చెప్పారు: "ఇంటికొచ్చినాయన రెండు గ్లాసుల్లో నీళ్ళు పోశాడు హజ్రత్. మన క్యాను నీళ్ళలో రెండు చుక్కలు మందేస్తే పసుపుపచ్చగా అయినయ్. ఆయన మిషను నీళ్ళలో వేస్తే నీలంగా మారినయ్. పసుపంటే యాసిడంట, నీలమంటే ఆరోగ్యమంట. కిస్తీల మీద ఇస్తానంటున్నాడు. మూడు నెలలు తాగితే మా ఇంటామె షుగర్ బిళ్ళలు మానేయొచ్చంట. తీసుకోమంటారా?"

ఆ మాటల్లో మూడు విషయాలున్నాయి: చుక్కల రంగు, కిస్తీల అప్పు, మానేయమన్న బిళ్ళలు. మొదటిది అమాయకుణ్ణి ఆశ్చర్యపరుస్తుంది. రెండవది వడ్డీ అనే పాపంలోకి దింపుతుంది. మూడవది ప్రాణం మీదికి తెస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

నీటిలోని ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలమానాన్ని పీహెచ్ అంటారు. 1909లో కోపెన్‌హాగన్ నగరంలోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీనిని ప్రవేశపెట్టాడు. 7 అంటే తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్కొక్క మెట్టుకు పదింతల తేడా ఉంటుంది. తాగునీటి కోసం భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుండి 8.5 వరకు ఉండవచ్చు. అనగా కొద్దిపాటి ఆమ్లత్వమున్నా, కొద్దిపాటి క్షారత్వమున్నా అది తాగదగిన నీరే. ఆర్వో యంత్రంలో వడపోసిన క్యాను నీరు సాధారణంగా 7 కంటే కాస్త తక్కువగా ఉంటుంది. అందుచేత ఆ చుక్కలు పడగానే పసుపుపచ్చగా మారుతుంది. ఆ చుక్కలు పీహెచ్‌ను బట్టి రంగు మారే ఒక రసాయన ద్రవం మాత్రమే. నీటిలో క్రిములున్నాయా, విషముందా అన్నది వాటికి తెలియదు. అదే క్యాను నీటిలో చిటికెడు వంటసోడా కలిపి చుక్కలు వేసినా రంగు నీలం వైపు మారుతుంది. ఆ మార్పు వెనుక ఉన్నది వంటింటి డబ్బాలోని సోడాయే.

ఇంకొక ప్రదర్శన కూడా మన వీధుల్లో చూస్తున్నాము. కుళాయి నీటిలో ఇనుప కడ్డీలున్న ఒక పరికరాన్ని ముంచి కరెంటు పెడతారు. నీరు తుప్పురంగుకు తిరిగి పైన తెట్టు కడుతుంది. "చూశారా, మీరు తాగుతున్న మురికి" అంటారు. వాస్తవానికి ఆ తుప్పు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినదే. నీటిలో సహజమైన లవణాలున్నందున కరెంటు ప్రవహిస్తుంది, కడ్డీ కరుగుతుంది. లవణాలు తీసివేసిన నీటిలో కరెంటు దాదాపుగా ప్రవహించదు గనుక నీరు తేటగా ఉండిపోతుంది. చూసిన కన్ను అబద్ధమాడలేదు. చూపినవాని వివరణే అబద్ధం.

ఇక శరీరం సంగతి. మనం తాగిన నీరు ముందుగా చేరేది జీర్ణాశయానికి. ఆహారాన్ని అరిగించడానికి, లోపలికి పోయిన క్రిములను చంపడానికి అల్లాహ్ అక్కడ ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఏర్పాటు చేశాడు. దాని పీహెచ్ సుమారు 2 ఉంటుంది. యంత్రం నుండి వచ్చిన నీటి పీహెచ్ 9 అనుకుంటే, రెంటి నడుమ ఏడు మెట్లు, అనగా కోటి రెట్ల వ్యత్యాసం. గ్లాసెడు నీటిలోని ఆ స్వల్ప క్షారం అక్కడ ఎంతసేపు నిలుస్తుంది? ఆ తరువాత పేగులోకి ప్రవేశించిన ఆహారంపై క్లోమం తన రసాన్ని విడుదల చేస్తుంది. ఆ రసం సహజంగానే క్షార స్వభావం గలది. శరీరానికి కావలసిన చోట ఆమ్లాన్నీ, కావలసిన చోట క్షారాన్నీ సృష్టికర్త ముందే అమర్చి ఉంచాడు.

రక్తం పీహెచ్ 7.35, 7.45 అంకెల మధ్యనే ఉండాలి. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతూ, మూత్రపిండాలు అదనపు ఆమ్లాన్నో క్షారాన్నో తొలగిస్తూ రేయింబవళ్ళు ఆ సమతూకాన్ని కాపాడుతుంటాయి. రక్తంలో క్షారం హద్దు మీరితే వైద్యులు దానిని ఆరోగ్యమని అనరు, ఒక రుగ్మతగా పరిగణిస్తారు. కొందరు అమ్మకందారులు మూత్రంలో కాగితపు పట్టీ ముంచి, "చూడండి, మీ ఒళ్ళు ఆల్కలైన్ అయిపోయింది" అంటారు. మూత్రం పీహెచ్ మనం తిన్నదానిని బట్టి మారుతూనే ఉంటుంది. రక్తాన్ని మారనివ్వకుండా మూత్రపిండాలు అదనపు సరుకును బయట పారవేశాయని మాత్రమే ఆ పట్టీ చెబుతుంది.

అయితే ఈ నీటిలో మేలు బొత్తిగా లేదా? న్యాయంగా చెప్పాలి గనుక ఉన్నది ఉన్నట్టు చెబుదాము. 2012లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగశాల పరిశోధనలో, పీహెచ్ 8.8 గల నీరు పెప్సిన్ అనే జీర్ణరసాన్ని నిర్వీర్యం చేసినట్టు కనబడింది. గొంతులోకి పులితేపులు ఎగదన్నేవారికి ఇది ఉపయోగపడవచ్చునని ఆ పరిశోధకులు సూచించారు. అది గాజు పాత్రలో జరిగిన ప్రయోగం. జపాన్ ప్రభుత్వం 1965లో ఇటువంటి యంత్రాలను కడుపు ఉబ్బరం, అజీర్తి వంటి ఇబ్బందులకు అనుమతించింది. షుగరుకు గాని, కేన్సరుకు గాని ఆ అనుమతి వర్తించదు. కేన్సర్ విషయంలో కెనడాకు చెందిన ఇద్దరు పరిశోధకులు వేలకొద్దీ పరిశోధనా వ్యాసాలను జల్లెడ పట్టి 2016లో 'బీఎంజే ఓపెన్' పత్రికలో తమ ఫలితాన్ని ప్రకటించారు. వారి నిబంధనలకు సరితూగిన అధ్యయనం ఒక్కటే దొరికింది. దానిలోనూ ఆహారపు ఆమ్లత్వానికీ ఆ వ్యాధికీ సంబంధం కానరాలేదు. క్షార జలంతో కేన్సర్ నయమవుతుందనడానికి ఆధారం లేదని వారు తేల్చారు. ఓటో వార్బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ విషయం కనుగొన్నందుకే నోబెల్ బహుమతి పొందాడని కరపత్రాల్లో రాస్తుంటారు. ఆయనకు 1931లో ఆ బహుమతి లభించినది శ్వాసక్రియకు తోడ్పడే ఎంజైముపై చేసిన కృషికి.

కనుక మా అవగాహన ఇది. ఆరోగ్యవంతుడు ఈ నీరు తాగితే సాధారణంగా హాని లేదు. కొందరికి గుండెల్లో మంట కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. గుంటూరు కారం తినే మన ప్రాంతంలో ఆ మంట లేని ఇల్లు అరుదు గనుక అమ్మకందారునికి ఇక్కడ గిరాకీ దొరుకుతోంది. కాని రోగాలను పోగొట్టే గుణం పీహెచ్ అంకెలో ఉన్నదనడానికి రుజువు లేదు. ఈ మాట నిరూపించడానికి జపాన్ దాకా, అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. మన పొరుగునే అంతకంటే గట్టి సాక్ష్యం ఉంది.

ఏటా మిరపకాయల కోతల కాలంలో పడమటి ప్రకాశం పల్లెల నుండి కూలీలు కుటుంబాలతో సహా గుంటూరు పొలాలకు వలస వస్తారు. వారిలో కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుండి వచ్చినవారి పిల్లలు నవ్వితే చాలు, వారి ఊరి నీటి చరిత్ర తెలిసిపోతుంది. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, చారలు ఉంటాయి. అక్కడివారు వాటిని గారపళ్ళు అంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యలోకం మొట్టమొదట గుర్తించినది ఆ నేల మీదనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు తన సహచరులతో కలసి మద్రాసు రాష్ట్రంలోని ఈ వ్యాధి గురించి 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో ప్రకటించారు. అప్పటికి ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. మనుషుల కంటే ముందు దుక్కిటెద్దులు కాళ్ళు బిగుసుకుని నడవలేకపోవడాన్ని రైతులు గమనించారని చెబుతారు.

మా యౌవనంలో కనిగిరి సమీపాన ఒక పల్లె మసీదులో కొంతకాలం ఇమామత్ చేశాము. ఆ ఊరి పెద్దలలో కొందరికి వెన్ను కర్రలా బిగిసిపోయి ఉండేది. మెడ కిందికి వంగేది కాదు. నమాజులో నిలబడినప్పుడు సజ్దా చేసే చోటును చూడాలని మనం పిల్లలకు నేర్పుతాము. వారికి ఆ చూపు కూడా సాధ్యమయ్యేది కాదు. రుకూకు వంగలేరు, సజ్దాకు నుదురు నేల తాకదు. వెనుక వరుసలో మంచం కోడుకు ఆనుకుని కూర్చుని కళ్ళతో, తల కదలికతో సైగ చేస్తూ నమాజు పూర్తి చేసేవారు. షరీఅత్ వారికి ఆ సౌలభ్యం ఇచ్చింది. అయినా, "ఒక్కసారి నుదురు నేలకు ఆనించి చచ్చిపోతే చాలు సాబ్" అని ఒక వృద్ధుడు అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. ఆయన తాగినది తన ఊరి బావి నీరే. అది చూడటానికి తేటగా ఉండేది. నోటికి కాస్త ఉప్పగా తగిలినా అక్కడివారికి అది అలవాటైన రుచి.

ఆ నీటి లక్షణాన్ని శాస్త్రజ్ఞులు ఇలా వివరిస్తారు. గ్రానైటు రాళ్ళలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. భూగర్భజలం క్షార స్వభావం గలదై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు ఆ ఫ్లోరైడ్ రాతిని వదలి నీటిలోకి సులువుగా దిగుతుంది. కాల్షియం ఉంటే దానితో కలసి అడుగున నిలిచిపోయే ఫ్లోరైడ్, అది లేనందున నీటిలోనే ఉండిపోతుంది. అందుచేతనే ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలలో ఎక్కువ చోట్ల నీరు క్షార జలమై ఉంటుంది. వివేకం గల పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ పల్లెల బావి నీటిలో అమ్మకందారుడు తన చుక్కలు వేసి ఉంటే అది నీలం వైపే తిరిగి ఉండేది. అతని లెక్క ప్రకారం అది ఆరోగ్య జలం. ఖర్చు లేకుండా తరతరాలుగా ఆల్కలైన్ నీరు తాగిన ప్రజల వెన్నులు ఎందుకు బిగిశాయి?

ఎముకలను బిగించినది క్షారత్వమని మేము అనడం లేదు. బిగించినది ఫ్లోరైడ్. నీటి పీహెచ్ ఆ సంగతిని దాచిపెట్టింది, అంతే. ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఒక నీరు మంచిదో కాదో తెలియాలంటే అందులో ఏమి కలిసి ఉన్నదో చూడాలి. మన రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. కారు చౌడు పట్టిన నేలలో పైరు ఎదగదని, దానికి జిప్సం వేసి బాగుచేసుకోవాలని ఆయనకు తెలుసు. పొలంలో అతి క్షారాన్ని రోగంగా చూసే మనిషికి ఇంట్లో అదే క్షారాన్ని ఔషధంగా అమ్ముతున్నారు.

ఫిఖహ్ గ్రంథాలలో పరిశుభ్రత అధ్యాయం మొదట్లోనే నీటి ప్రస్తావన వస్తుంది. అపరిశుభ్రమైనది కలిసి నీటి రంగు గాని, రుచి గాని, వాసన గాని మారితే ఆ నీటితో వుజూ చెల్లదని విద్యార్థులకు బోధిస్తాము. ఈ కొలత ఆరాధనకు సంబంధించినది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలిసే రుచి లేదు. ఆ బావి నీటితో వుజూ నిస్సందేహంగా నెరవేరుతుంది, కాని దానిని తాగితే ఎముక చెడుతుంది. వుజూకు పనికి వచ్చినదల్లా తాగడానికి క్షేమమని భావించరాదు. ఇంద్రియాలకు అందనిదానిని పరీక్షతో తెలుసుకోవాలి. ఆ విద్యను కూడా అల్లాహ్‌యే మానవునికి నేర్పాడు.

ఇప్పుడు జమ్‌జమ్ మాట. ఆ నీటికి స్వల్పమైన క్షార స్వభావం ఉన్న మాట వాస్తవమే. అటువంటి పీహెచ్ గల బావులు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి. జమ్‌జమ్ ఘనత దాని పీహెచ్ వలన వచ్చినది కాదు. దాహంతో అల్లాడుతున్న పసిబిడ్డ ఇస్మాయీల్ (అలై) కోసం సఫా, మర్వా కొండల నడుమ పరుగులు తీసిన హజ్రత్ హాజిరా (అలై) విశ్వాసానికి అల్లాహ్ ప్రసాదించిన కానుక అది. విశ్వాసి దానిని దుఆతో తాగుతాడు, శుభాన్ని కోరుకుంటాడు. ఆ శుభాన్ని ఒక అంకెకు కుదించి, అదే అంకెను చూపించే యంత్రాన్ని వంటింటి గోడకు బిగిస్తే జమ్‌జమ్ ఇంటికి వచ్చినట్టేనని చెప్పడం దానిని గౌరవించడం కాదు, దాని పేరుతో వ్యాపారం చేయడం. నీటి విషయంలో దైవప్రవక్త (స) నేర్పిన సున్నత్ మనకు స్పష్టంగా తెలుసు. కూర్చుని తాగడం, ఒక్క గుక్కలో కాక ఆగి ఆగి తాగడం, పాత్రలోకి ఊపిరి వదలకపోవడం, రాత్రిపూట పాత్రలపై మూత ఉంచడం. వీటిలో ఏ ఒక్కదానికీ ఖర్చు లేదు.

వ్యాపారం హలాల్. లాభం తీసుకోవడమూ హలాలే. కాని ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, అడుగున తడి ఉన్నట్టు గమనించి, దానిని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి మందలించారు. మోసగించేవానికీ తమకూ సంబంధం లేదని హెచ్చరించారు. నీటి రంగు మార్చి చూపి, ఆ రంగుకు అర్థం తప్పుగా చెప్పడం ఆ తడి ధాన్యానికి భిన్నమైనదా? వైద్యం గురించి మరొక హదీసు ఉంది. వైద్యుడిగా పేరు లేనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడని దాని భావం. ఈ కాలపు న్యాయస్థానాలు కూడా అదే చెప్పాయి. శరీరాన్ని క్షారమయం చేస్తే రోగాలు పోతాయని పుస్తకాలు రాసిన రాబర్ట్ యంగ్ అనే వ్యక్తిని, లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరానికి 2016లో కాలిఫోర్నియాలో జ్యూరీ దోషిగా తేల్చింది. కేన్సరుకు అతని మాట నమ్మి సరైన చికిత్స మానుకున్న ఒక స్త్రీకి పది కోట్ల యాభై లక్షల డాలర్లు చెల్లించాలని 2018లో మరొక జ్యూరీ తీర్పు చెప్పింది.

అందుకే ఆ హమాలీ సోదరునికి మేము ముందుగా చెప్పినది బిళ్ళల సంగతే. "భాయ్, మిషను కొనడం మానడం తరువాత మాట. డాక్టరు చెప్పకుండా మా చెల్లెమ్మ ఒక్క బిళ్ళ కూడా మానకూడదు. షుగర్ పెరిగేటప్పుడు నొప్పి పుట్టదు. కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతిన్నాకే తెలుస్తుంది. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) వారి ఆదేశం, దానిని మానుకోవడం తవక్కుల్ కాదు." తరువాత కిస్తీల కాగితం చూశాము. ధర లక్ష దాటింది, దానిపైన వడ్డీ. వీపున బస్తా మోసి సంపాదించిన సొమ్ము వడ్డీ కట్టడానికి పోతే బర్కత్ ఎక్కడ నిలుస్తుంది? ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నా భార్య ఆశపడింది హజ్రత్, ఏం చెప్పను?" అన్నారు. ఆ ప్రశ్న మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. రోజూ బిళ్ళలు మింగే మనిషి అవి లేని రోజు కోసం ఎదురుచూడటం సహజం. అమ్మకందారుడు అమ్ముతున్నది నీటిని కాదు, ఆ ఆశను. అందుచేత అట్టి రోగులను ఎగతాళి చేయరాదు. వారి పక్కన కూర్చుని, నెలనెలా పరీక్షకు తోడు వెళ్ళాలి. ఆ మరుసటి వారం మా ఇంటివారు ఆమెను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి వచ్చారు.

మరొక సందర్భంలో ఒంగోలులో వ్యాపారం చేసుకునే ఒక సోదరుడు, మరణించిన తన తల్లి పేరిట పుణ్యం చేరాలని మదర్సాకు ఆల్కలైన్ యంత్రం ఇప్పిస్తానని ముందుకు వచ్చారు. ఉద్దేశం ఉత్తమమైనది. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి కోసం ఏ దానం మేలని అడిగినప్పుడు దైవప్రవక్త (స) నీటిని సూచించారు, ఆయన ఒక బావి తవ్వించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు విడిచిపెట్టారు. ఆ బావి గొప్పతనం ఎక్కడుంది? అంతకు ముందు డబ్బిస్తే గాని దొరకని నీరు ఆనాటి నుండి పేదకూ సంపన్నునికీ ఒకే విధంగా దొరకడంలో ఉంది. మేము ఆ సోదరునితో ముందు మన నీటిని పరీక్ష చేయిద్దామన్నాము. ఫలితం వచ్చింది. పీహెచ్, ఫ్లోరైడ్, లవణాలు అన్నీ హద్దులోనే ఉన్నాయి. కాని క్రిములు ఉన్నట్టు తేలింది. వీధిలో మురుగు కాలువ పక్కగా వచ్చే గొట్టం ఒకచోట పగిలి ఉంది.

ఆ కాగితం చూడగానే మాకు ఆనందపేట గుర్తుకు వచ్చింది. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలోని ఆ ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్ళను బలిగొన్నది పీహెచ్ తేడా కాదు, గొట్టంలో చేరిన మురుగు. సీసా మీద ఆల్కలైన్ అని రాసి ఉన్నంత మాత్రాన నీరు క్షేమమని కూడా చెప్పలేము. 2020 నవంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఆ పేరుతో అమ్మిన సీసాల నీరు తాగిన ఐదుగురు పిల్లలు కాలేయం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ నీటి అమ్మకాన్ని నిలిపివేయించింది. మా గొట్టం మరమ్మతుకు, ట్యాంకులో క్లోరిన్ ఏర్పాటుకు యంత్రం ధరలో చిన్న భాగమే ఖర్చయింది. మిగిలిన సొమ్ముతో ఆ సోదరుడు తన తల్లి పుట్టిన పల్లెలో, పొదిలి వైపున, ఫిల్టర్లు మార్చక మూతపడిన ఆర్వో ప్లాంటును బాగుచేయించారు. అక్కడ మసీదుకు వచ్చేవారూ, గుడికి వెళ్ళేవారూ, చర్చికి వెళ్ళేవారూ అదే కుళాయి దగ్గర బిందెలు నింపుకుంటున్నారు. నీటిలో ప్రజలందరూ భాగస్వాములని చెప్పిన ధర్మం మనది.

సోదర సోదరీమణులారా, నీటి మీద ఖర్చు చేయదలచినవారికి మా విన్నపం ఇది. ముందు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు పరీక్ష కిట్లు ఇచ్చి మహిళలకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు జరిగింది. మీ ఊరి కిట్టు ఎవరి వద్ద ఉన్నదో పంచాయతీలో అడగండి. నీటిని కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, కాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత మరికొంత పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరు కూడా దానిని ఆపలేదు. ఫ్లోరైడ్ ఉన్న చోట ఆర్వో గాని, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు గాని కావాలి, వాటిని సకాలంలో మార్చాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, గర్భవతులకు ముందుగా మంచి నీరు అందేటట్టు చూడండి, పళ్ళు, ఎముకలు రూపుదిద్దుకునే కాలం అదే. పురుగుమందుల డబ్బాలను ఎంత కడిగినా వాటిలో పొలానికి తాగునీరు తీసుకుపోకండి. ఇప్పటికే ఆల్కలైన్ యంత్రం కొన్నవారు దానిని పారవేయనక్కరలేదు. అయితే దానిని మందుగా భావించవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆ నీరు వాడవద్దు. ఎవరైనా ఇంటికి వచ్చి, "మా నీళ్ళు తాగి మందులు మానేయండి" అంటే, "ఆ మాట మీ సంతకంతో కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. నిజం మీద నమ్మకం ఉన్నవాడు సంతకానికి వెనుకాడడు.

వాఖియా సూరాలో అల్లాహ్ మనం తాగే నీటిని చూడమని, దానిని మేఘాల నుండి కురిపించినది ఎవరో ఆలోచించమని అడుగుతాడు. తాను తలచుకుంటే దానిని చేదుగా చేసి ఉండేవాడినని గుర్తు చేసి, మరి కృతజ్ఞత ఎందుకు చూపరని ప్రశ్నిస్తాడు. సాగర్ కాలువ నీటితో చెరువు నింపుకునే గుంటూరు పల్లెవాసి ఈ ప్రశ్నను ఒక విధంగా వింటాడు. వెలిగొండ నీటి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పడమటి పల్లెవాసి మరొక విధంగా వింటాడు. మన ఇంటి నీరు బాగున్నదని తెలిసినప్పుడు దానిని ఇంకా ఖరీదైనదిగా మార్చుకోవడం కంటే, బాగాలేని ఊరికి ఒక బిందె మంచి నీరు చేరేలా చూడటం ఆ కృతజ్ఞతకు దగ్గరి దారి. ఆ మంచి నీరు తాగి పెరిగిన పిల్లలు రేపు వృద్ధులైనప్పుడు, నుదురు నేలకు ఆనించి నమాజు చేసుకోగలగాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.